ఫ్రెడరిక్ లాంచెస్టర్ : ఇంజను కుదుపును అణచిన మేధావి

ఇంజనులో శక్తిని పుట్టించని భాగం ఒకటి ఉన్నది. పైగా అది తిరగడానికి కొంత శక్తిని తానే తీసుకొంటుంది. అట్టి భాగాన్ని ఉంచవలెనా, తీసివేయవలెనా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని దీనికి సరియైన సమాధానం చెప్పవలెనంటే యంత్రశాస్త్రంలో ఒక ముఖ్య సూత్రాన్నీ, ఆ సూత్రాన్ని పనిముట్టుగా మార్చిన ఒక మహనీయుని జీవితాన్నీ తెలిసికొనక తప్పదు.

కార్లపై మక్కువ గలవారు కొందరు పాత నాలుగు సిలిండర్ల ఇంజనును విప్పి, దానిలోని క్రాంకుషాఫ్టుకు బదులుగా ఎక్కువ స్ట్రోకు గల క్రాంకుషాఫ్టును అమర్చుతారు. పిస్టను పైకీ క్రిందికీ నడిచే దూరం పెరుగుతుంది. ఇంజను ఘనపరిమాణం పెరుగుతుంది. లాగుడు బలమూ పెరుగుతుంది. ఇట్లు తయారైన దానిని స్ట్రోకరు ఇంజను అంటారు. అట్టి పనికి పూనుకొన్నప్పుడు, కొన్ని ఇంజనులలో, బల్లపై పరచిన విడి భాగాల నడుమ ఒక ప్రక్క మాత్రమే బరువు గల రెండు పొడవాటి కడ్డీలు కనిపిస్తాయి. ఇవే బ్యాలెన్సు షాఫ్టులు. తీసివేస్తే ఇంజను తేలికగా తిరుగుతుందని కొందరు మిస్త్రీలు చెబుతారు. ఉంచవలసినదేనని మరికొందరు పట్టుబడతారు. ఆ కడ్డీలను మొదట ఊహించినవాడు ఫ్రెడరిక్ విలియం లాంచెస్టర్. ఆయన చరిత్రను, ఆ చరిత్ర నుండి పై ప్రశ్నకు దొరికే సమాధానాన్ని, మా కళాశాల పాఠకుల ముందుంచడం మా ఉద్దేశం.

లాంచెస్టర్ 1868 అక్టోబరు 23వ తేదీన లండనులోని లూయిషామ్‌లో జన్మించినాడు. తండ్రి హెన్రీ జోన్స్ లాంచెస్టర్ భవన నిర్మాణ శిల్పి. తల్లి ఆక్టేవియా గణితమూ లాటిన్ భాషా బోధించిన విదుషి. ఎనమండుగురు సంతానంలో ఆయన నాలుగవవాడు. ఆయన శైశవంలోనే కుటుంబం సముద్రతీరమైన బ్రైటన్ ప్రాంతానికి తరలిపోయినది. ఇంటిలో తండ్రి గీసే నక్షాలు, తల్లి చెప్పే లెక్కలు, ఈ రెండూ ఆయన బుద్ధికి రెండు రెక్కలైనవి. తరువాతి కాలంలో ఆయన చేసిన ప్రతి పనిలోనూ నక్షా, లెక్కా విడదీయరానివిగా కనిపిస్తాయి.

పాఠశాల చదువు ముగిసిన పిమ్మట ఆయన సౌతాంప్టన్‌లోని హార్ట్లీ విద్యాసంస్థలో చేరి, అక్కడ నుండి ఉపకార వేతనంపై లండనులో సౌత్ కెన్సింగ్టన్ నందలి విజ్ఞానశాస్త్ర కళాశాలకు వెళ్ళినాడు. యంత్రనిర్మాణ విద్య అక్కడ తగినంతగా లేదని గ్రహించి, సాయంకాలం ఫిన్స్‌బరీ సాంకేతిక పాఠశాలకు పోయి ఆ లోటును పూరించుకొన్నాడు. ఇంత చదివినా పట్టా మాత్రం తీసికొనలేదు. చేతిలో పట్టా లేని ఈ యువకుడు 1888లో పేటెంటు వ్యవహారాలు చూచే ఒక కార్యాలయంలో నక్షాలు గీసే ఉద్యోగం సంపాదించినాడు. ఇతరుల ఆవిష్కరణలను దినమంతా గీచిన ఆ చేయి, పేటెంటు అనగా ఏమిటో, దానిలోని ఒక్కొక్క మాటకు ఎంత వెల గలదో అక్కడనే నేర్చుకొన్నది.

ఆ పాఠం వృథా కాలేదు. బర్మింగ్‌హామ్ నగరంలోని ఫార్వర్డ్ గ్యాస్ ఇంజను కంపెనీ ఆయనను తన కార్ఖానాలో సహాయ నిర్వాహకునిగా నియమించినది. ఉద్యోగి చేసిన సాంకేతికాభివృద్ధులన్నియు కంపెనీకే చెందుతవని ఆ ఒప్పంద పత్రంలో ఒక నిబంధన ఉన్నది. లాంచెస్టర్ సంతకం చేయుటకు ముందు ఆ నిబంధనను కొట్టివేసినాడు. అనతికాలంలోనే గ్యాస్ ఇంజను వేగాన్ని అదుపులో ఉంచే లోలకపు గవర్నరును కనిపెట్టి, తయారయ్యే ప్రతి ఇంజనుకూ పది షిల్లింగుల చొప్పున రాయల్టీ పొందినాడు. ఇంజనును సులభంగా నడుపుడు చేసే మరొక సాధనాన్ని కూడా నిర్మించి దాని హక్కులను అమ్ముకొన్నాడు.

ఆ ధనంతో ఆయన స్వతంత్ర ప్రయోగాలకు పూనుకొన్నాడు. ఉద్యోగాన్ని తమ్ముడు జార్జికి అప్పగించి, పెట్రోలు ఇంజనుపై దృష్టి నిలిపినాడు. 1894లో తాను నిర్మించిన చిన్న ఇంజనును ఒక పడవలో అమర్చి ఆక్స్‌ఫర్డ్ వద్ద నదిలో నడిపినాడు. 1896లో ఆయన తొలి కారు రోడ్డెక్కినది. దానిలోని ఇంజను ఒకే సిలిండరు కలది. శక్తి అయిదు అశ్వబలాలు. ఆనాటి ఇతర కార్లు గుర్రపు బండికి ఇంజను తగిలించినట్లుండేవి. లాంచెస్టర్ కారు అట్లు కాదు. చట్రం, చక్రాలు, ఇంజను, అన్నిటినీ ఒకే శరీరంలోని అవయవాలుగా ఆలోచించి ఆయన కట్టినాడు.

కారు నడచినది, కాని లాంచెస్టర్ తృప్తి పడలేదు. ఒంటి సిలిండరు ఇంజను కుదుపు ఆయనకు సహింపరానిదిగా తోచినది. ఇతరులు కుదుపును పెట్రోలు వాసన వలె తప్పనిసరి కష్టంగా భావించిన రోజులవి. ఆయన మాత్రం కుదుపును ఒక లెక్క తప్పుగా చూచినాడు. లెక్క తప్పినప్పుడు దిద్దవలెను గాని ఓర్చుకొనరాదన్నది ఆయన తత్త్వం. అందువలన రెండవ ఇంజనులో రెండు సిలిండర్లను ఎదురెదురుగా పరుండబెట్టి, ఒక దానిపై ఒకటిగా రెండు క్రాంకుషాఫ్టులను అమర్చి, వాటిని పరస్పరం వ్యతిరేక దిశలలో త్రిప్పినాడు. ఒకటి పుట్టించే కుదుపును మరొకటి అక్కడికక్కడే రద్దు చేసినది. ఎదురు తిరిగే జంట అన్న ఈ భావన ఆయన మనస్సులో మొలకెత్తిన చోటు ఇదే. 1899లో రిచ్‌మండ్‌లో జరిగిన మోటారు ప్రదర్శనలో ఆయన కారు బంగారు పతకం పొందినది.

అదే సంవత్సరం డిసెంబరులో లాంచెస్టర్ ఇంజను కంపెనీ ఏర్పడినది. సోదరులు ఫ్రాంక్, జార్జి ఆయనకు కుడి ఎడమ భుజాలైనారు. ఏ భాగాన్ని ఏ కారులోనైనను ఆకురాయి పట్టకుండ బిగించగలిగేటట్లు ప్రతి భాగాన్నీ కొలతబద్ధంగా తయారు చేయవలెనని ఆయన నియమం పెట్టినాడు. 1902లోనే డిస్కు బ్రేకుకు పేటెంటు పొందినాడు. బొంబాయిలో జన్మించిన ఆంగ్ల రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్ లాంచెస్టర్ కార్లను మెచ్చి వాడినాడు. ఇంత కీర్తి ఉన్నను మూలధనం చాలలేదు. కార్లు కావలెనని కోరేవారు కరువు కాలేదు. కట్టి ఇచ్చేందుకు పెట్టుబడియే కరువైనది. 1904లో కంపెనీ అప్పులవారి అధీనంలోకి పోయినది. తరువాత అదే వ్యాపారం లాంచెస్టర్ మోటారు కంపెనీ అనే పేరుతో మరల లేచి నిలిచినది గాని, దానిలో లాంచెస్టర్ స్వేచ్ఛ తగ్గిపోయినది.

విచిత్రమేమనగా, తన సంస్థ కుప్పకూలిన ఆ 1904వ సంవత్సరంలోనే ఆయన బ్యాలెన్సు షాఫ్టులకు పేటెంటు తీసికొన్నాడు. ఆ ఆవిష్కరణ ఏమిటో కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది.

వరుసగా నిలిచిన నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు పిస్టన్లు పైకి పోతుండగా రెండు క్రిందికి వస్తుంటాయి. కనుక ఒకదాని ఊపు మరొకదానితో సరిపోవలెనని పైచూపుకు తోస్తుంది. కాని కనెక్టింగు రాడ్డు నిటారుగా కదలదు. క్రాంకుతో పాటు ప్రక్కకు వాలుతుంది. ఆ వాలు వలన పిస్టను నడక పైసగంలో ఒక తీరుగాను, క్రింది సగంలో మరొక తీరుగాను ఉంటుంది. ఒక లెక్క చూడుము. స్ట్రోకు 88 మిల్లీమీటర్లు, రాడ్డు పొడవు 150 మిల్లీమీటర్లు అనుకొందాము. క్రాంకు పై కొన నుండి పావు చుట్టు తిరిగేసరికి పిస్టను 44 మిల్లీమీటర్లు కాక 50.6 మిల్లీమీటర్లు దిగుతుంది. తరువాతి పావు చుట్టులో 37.4 మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. అనగా పైసగంలో పిస్టను వడి ఎక్కువ, క్రింది సగంలో తక్కువ. పైన ఉన్న రెండు పిస్టన్ల ఊపును క్రింద ఉన్న రెండు పిస్టన్ల ఊపు పూర్తిగా కొట్టివేయలేదు. మిగిలిన ఆ తేడా క్రాంకు ఒక చుట్టు తిరిగేలోగా రెండుసార్లు ఇంజనును పైకీ క్రిందికీ కుదుపుతుంది. క్రాంకు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఈ కుదుపు సెకనుకు నూరుసార్లు వస్తుంది. దీనినే ద్వితీయ కంపనం అంటారు.

దీనికి లాంచెస్టర్ చెప్పిన మందు మిక్కిలి సులభమైనది. ఒక ప్రక్క బరువు గల రెండు దండాలను క్రాంకుకు రెండింతల వేగంతో, ఒకదానికొకటి ఎదురు దిశలో త్రిప్పవలెను. వాటి బరువులు ప్రక్కలకు లాగే బలాలు రెండూ ఎదురెదురై నశిస్తాయి. పైకీ క్రిందికీ లాగే బలాలు మాత్రం కలిసివచ్చి, పిస్టన్లు పైకి కుదిపినప్పుడు క్రిందికీ, క్రిందికి కుదిపినప్పుడు పైకీ లాగుతాయి. ఇందులో మరొక సొగసు ఉన్నది. వేగం రెట్టింపైతే కుదుపు నాలుగింతలవుతుంది; దండాల బలం కూడా సరిగ్గా నాలుగింతలే అవుతుంది. కావున ఒకసారి బరువు సరిచూచి పెడితే ఏ వేగంలోనైనను లెక్క తప్పదు. 1920వ దశకంలో వాక్సాల్ సంస్థ తన 23-60 కారులో ఈ సాధనాన్ని వాడుకొన్నది. డెయిమ్లర్ కంపెనీకి సలహాదారుగా ఉంటూ, ఆరు సిలిండర్ల ఇంజనులలో పొడవైన క్రాంకుషాఫ్టు మెలిపడి వణకుటను అణచే డ్యాంపరును కూడా లాంచెస్టరే నిర్మించినాడు.

ఆయన చూపు నేలకే పరిమితం కాలేదు. మనుష్యుడు విమానంలో ఎగరక ముందే రెక్క గాలిలో ఎందువలన నిలుస్తుందో ఆయన ఆలోచించినాడు. రెక్క కొనల వద్ద గాలి సుడులు తిరుగుతూ వెనుకకు సాగుతుందన్న ఆయన భావన 1897లో వ్రాసిన వ్యాసంలోనే రూపు దిద్దుకొన్నది. ఆ వ్యాసాన్ని విద్వత్సభలు అంగీకరించలేదు. ఆయన దానిని విస్తరించి 1907లో ఏరోడైనమిక్స్, 1908లో ఏరోడొనెటిక్స్ అనే రెండు గ్రంథాలుగా ప్రకటించినాడు. జర్మనీలో ప్రాంట్ల్ మొదలైన పండితులు ఇదే మార్గంలో నడచి రెక్క సిద్ధాంతాన్ని గణితంగా స్థిరపరచిన తరువాతనే లాంచెస్టర్ ముందుచూపు లోకానికి తెలిసినది. 1909లో బ్రిటిష్ ప్రభుత్వం వైమానిక శాస్త్ర సలహా సంఘంలో ఆయనను సభ్యునిగా నియమించినది.

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆయన యుద్ధాన్ని కూడా లెక్కలో చూచినాడు. ఆయుధాలు సమానమైనప్పుడు దూరం నుండి కాల్చుకొనే సేనల బలం వాటి సంఖ్యతో గాక, సంఖ్య వర్గంతో పోల్చవలెనని ఆయన నిరూపించినాడు. వేయిమంది ఒక ప్రక్క, ఏడు వందల మంది మరొక ప్రక్క తుదివరకు పోరాడితే, వేయిమందిలో మిగిలేవారు మూడు వందలు కాదు. ఆయన సూత్రం ప్రకారం సుమారు 714 మంది. ఈ విషయాలతో కూడిన గ్రంథం 1916లో వెలువడినది. నేడు కార్యనిర్వహణ పరిశోధన అని పిలువబడే శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఆయనను ఒకనిగా లెక్కిస్తారు. అమెరికాలో ఆ శాస్త్రజ్ఞుల సంఘం ఉత్తమ రచనకు ఇచ్చే బహుమతి లాంచెస్టర్ పేరుతోనే ఉన్నది.

1919లో ఆయన డొరొతియా కూపర్‌ను వివాహమాడినాడు. వారికి సంతానం కలుగలేదు. 1922లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. 1926లో రాయల్ ఏరోనాటికల్ సొసైటీ బంగారు పతకం, 1931లో గుగ్గెన్‌హైమ్ పతకం, 1945లో జేమ్స్ వాట్ అంతర్జాతీయ పతకం ఆయనను వరించినవి. ఆయన చక్కని గాయకుడు కూడా. మారుపేరుతో కవిత్వం వ్రాసినాడు. లాంచెస్టర్ కార్లు మన దేశానికీ వచ్చినవి. జార్జి రూపొందించిన లాంచెస్టర్ 40 కారును అల్వార్ మహారాజు రాచబగ్గీ ఆకృతిలో కట్టించుకొన్న సంగతి మోటారు చరిత్రకారులకు సుపరిచితమే.

పతకాలు వచ్చినవి గాని లక్ష్మి నిలువలేదు. డెయిమ్లర్ కంపెనీతో సంబంధం తెగిపోయినది. 1931లో లాంచెస్టర్ కంపెనీయే పరుల వశమైనది. తాను స్వయంగా స్థాపించిన ప్రయోగశాల కూడా సాగలేదు. వృద్ధాప్యంలో పార్కిన్‌సన్ వ్యాధి ఆయన శరీరాన్ని పట్టుకొన్నది. కండ్లకు శుక్లాలు కమ్మినవి. జీవితమంతా యంత్రాల వణకును మాన్పిన ఆ చేతులు తామే వణకసాగినవి. రెండవ ప్రపంచ యుద్ధంలో దేశానికి ఉపయోగపడలేకపోతినే అన్న బాధ ఆయనను కుదిపివేసినది. తన ఇంటిలో తాను ఉండగలుగుట కూడా ఇతరుల దానధర్మం వలననే సాధ్యమైనది. 1946 మార్చి 8వ తేదీన బర్మింగ్‌హామ్‌లో ఆయన కన్నుమూసినాడు. 1970లో కావెంట్రీ నగరంలో ఏర్పడిన పాలిటెక్నిక్‌కు ఆయన పేరు పెట్టినారు. అది నేడు కావెంట్రీ విశ్వవిద్యాలయం.

ఆయన మరణించిన దాదాపు మూడు దశాబ్దాలకు బ్యాలెన్సు షాఫ్టులకు పునర్జన్మ కలిగినది. 1975లో జపానుకు చెందిన మిత్సుబిషి సంస్థ తన పెద్ద నాలుగు సిలిండర్ల ఇంజనులో రెండు దండాలను అమర్చి, వాటిని ఒకే ఎత్తులో గాక హెచ్చుతగ్గులుగా నిలిపి, ఇంజను ప్రక్కలకు ఊగుటను కూడా తగ్గించినది. ఈ ఏర్పాటును ఫియట్, సాబ్, పోర్షె సంస్థలు అనుమతి పొంది వాడుకొన్నవి. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనుతో 1982లో వచ్చిన పోర్షె 944 కారు, ఆరు సిలిండర్ల కారు వలె మెత్తగా నడచుటకు ఈ దండాలే కారణం.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. మిత్సుబిషి వారి 4జీ63 ఇంజనునే ఉదాహరణగా తీసికొందాము. దాని బోరు 85, స్ట్రోకు 88 మిల్లీమీటర్లు. పరిమాణం 1997 ఘన సెంటీమీటర్లు. దానిలో 100 మిల్లీమీటర్ల స్ట్రోకు గల క్రాంకును అమర్చితే పరిమాణం సుమారు 2270 ఘన సెంటీమీటర్లవుతుంది. స్ట్రోకు పెరిగినది నూటికి పదునాలుగు పాళ్ళకు లోపే. కాని రాడ్డు పొడవు మారకపోతే ద్వితీయ కంపనం స్ట్రోకు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా నూటికి ఇరువది తొమ్మిది పాళ్ళు హెచ్చుతుంది. పైన చెప్పిన పావు చుట్టు లెక్కనే మరల వేస్తే, పిస్టను మొదటి పావులో 58.6, రెండవ పావులో 41.4 మిల్లీమీటర్లు నడుస్తుంది. తేడా పదమూడు నుండి పదునేడు మిల్లీమీటర్లకు పెరిగినది. సేనల లెక్కలో వర్గాన్ని చూచిన లాంచెస్టరే ఇంజను లెక్కలోనూ అదే వర్గాన్ని చూచినాడు. కనుక స్ట్రోకు పెంచేవాడు బ్యాలెన్సు షాఫ్టుల అవసరాన్ని తగ్గించుట లేదు, పెంచుతున్నాడు.

దండాల బరువు పాత స్ట్రోకుకు సరిచూచినది గదా, క్రొత్త క్రాంకుకు పనికిరాదు గదా అని కొందరు వాదిస్తారు. ఇది సగం నిజం. పాత కుదుపు నూరు పాళ్ళనుకొంటే, పిస్టన్ల బరువు మారనప్పుడు క్రొత్త కుదుపు నూట ఇరువది తొమ్మిది పాళ్ళు. పాత దండాలు నూరు పాళ్ళను అణచినా ఇరువది తొమ్మిది మిగులుతుంది. దండాలను తీసివేస్తే నూట ఇరువది తొమ్మిదీ మిగులుతుంది. పూర్తిగా సరిపోని మందు కూడా రోగాన్ని నాలుగింట మూడు పాళ్ళకు పైగా తగ్గిస్తున్నప్పుడు దానిని పారవేయుట వివేకం కాదు. తేలికైన పిస్టన్లు, పొడవైన రాడ్లు వాడితే మిగిలిన పాలు ఇంకను తగ్గుతుంది.

తీసివేయవలెననే వారి పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. క్రాంకు 7000 చుట్లు తిరిగితే దండాలు 14000 చుట్లు తిరగవలెను. వాటి బేరింగులకు నూనె కావలెను. వాటిని త్రిప్పుటకు శక్తి కావలెను. 4జీ63 ఇంజనులో ఒక దండాన్ని త్రిప్పే చిన్న బెల్టు తెగితే అది పోయి పెద్ద టైమింగు బెల్టులో చిక్కుకొనవచ్చును. అప్పుడు పిస్టన్లు వాల్వులను తాకి ఇంజను తల నాశనమవుతుంది. పందెపు కారులో నడిపేవాని సుఖం లెక్కకు రాదు. కొన్ని గంటల పరుగు తరువాత ఇంజనును మరల విప్పి చూస్తారు. అక్కడ దండాలను తీసివేయుట అర్థవంతమైన నిర్ణయమే. ఐతే దండాలతో పాటు వాటి నూనె దారులను కూడా మూయవలెను. లేనిచో నూనె ఒత్తిడి పడిపోయి క్రాంకు బేరింగులకే ముప్పు వస్తుంది.

మన దేశపు అంబాసిడరు కారును కూడా ఇక్కడ తలచుకొనవలెను. దాని 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను స్ట్రోకు 88.9 మిల్లీమీటర్లు. బ్యాలెన్సు షాఫ్టులు లేకనే అది దశాబ్దాల పాటు మన రోడ్లపై తిరిగినది. కారణం, అది మెల్లగా తిరిగే ఇంజను. కుదుపు వేగ వర్గాన్ని అనుసరిస్తుంది గనుక మెల్లగా తిరిగే ఇంజనుకు కొంత క్షమ గలదు. స్ట్రోకును పెంచి, వేగాన్నీ పెంచి, దండాలనూ తీసివేసేవానికి అట్టి క్షమ లేదు. మరొక వంక చూస్తే, పోర్షె సంస్థ తన 944 ఇంజను స్ట్రోకును 78.9 నుండి 88 మిల్లీమీటర్లకు పెంచి 1989లో మూడు లీటర్ల ఇంజనును తెచ్చినప్పుడు బ్యాలెన్సు షాఫ్టులను విడువలేదు. స్ట్రోకు పెంచిన ఇంజనుకు కార్ఖానా వారే ఇచ్చిన తీర్పు ఇది. 2020లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బండిలో సయితం బ్యాలెన్సు షాఫ్టు చేరినది. ఒంటి సిలిండరు కుదుపు వేరు జాతికి చెందినదైనను, దానికి చేసిన చికిత్స ఈ కుటుంబంలోనిదే.

కావున మా అభిప్రాయమిది. ఇంటివారిని ఎక్కించుకొని రోడ్డుపై నడిపే కారుకు స్ట్రోకరు ఇంజను కట్టేటప్పుడు బ్యాలెన్సు షాఫ్టులను ఉంచవలెను. వాటి బెల్టునూ బేరింగులనూ క్రొత్తవి వేయవలెను. బెల్టును గడువు దాటక మునుపే మార్చవలెను. బెల్టు తెగుతుందన్న భయానికి మందు బెల్టును మార్చుటయే గాని దండాలను పారవేయుట కాదు. పందెపు కారుకు మాత్రం, ఫలితం తెలిసి, నూనె దారులు మూసి తీసివేయవచ్చును. ఏది చేసినను ఒక మాట మరువరాదు. దండాలను తీసివేసినంత మాత్రాన కుదుపు పోదు. అది ఇంజను నుండి చట్రానికి, చట్రం నుండి బోల్టులకూ బ్రాకెట్లకూ, తుదకు కూర్చున్నవారి శరీరానికీ చేరుతుంది. మనం మోయనన్న బరువును మరెవరో మోయవలసి వస్తుంది.

లాంచెస్టర్ జీవితంలోని సందేశమూ ఇదేనని మాకు తోస్తున్నది. కుదుపును ఎవరి మీదికో నెట్టక, అది పుట్టిన చోటనే సరిచేయవలెనని ఆయన పట్టుబట్టినాడు. తన ఆలోచన ఇంటింటి కార్లలో తిరుగుటను ఆయన కండ్లారా చూడలేదు. దాని వలన సిరిసంపదలూ పొందలేదు. రేపు కార్ఖానాలలో, ప్రయోగశాలలలో పని చేయబోయే మా విద్యార్థులు ఏదైన యంత్రాన్ని విప్పినప్పుడు, పనికిరానిదిగా తోచిన భాగాన్ని బల్లపై నుండి క్రిందికి త్రోసివేయక, అది ఎవరి కష్టాన్ని మోస్తున్నదో ఒకసారి లెక్క వేసి చూచెదరు గాక.